గోడ మీద గీత

బంతి రింగుకు తగిలి బయటికొచ్చిందంటే అది పొడుగున్నవాళ్లకే దక్కుతుంది. ఈ మాటను నేను నమ్మి ఊరుకోలేదు, పిల్లలకు పాఠంలా చెప్పాను. గోదావరి డెల్టాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. బాస్కెట్‌బాల్ అంటే నాకు ప్రాణం. ప్రాణమని చెప్పుకుంటూనే, మ్యాచ్‌ల గెలుపోటములు తేల్చే రీబౌండ్ అసలు ఎలా వస్తుందో కళ్లు తెరిచి చూడకుండా ఏళ్లకేళ్లు గడిపేశాను. ఆ తెలివితక్కువతనం వల్ల నాకు పోయిందేమీ లేదు. నష్టపోయింది ఇద్దరు ఆడపిల్లలు. అందుకే దీన్ని నాలోనే దాచుకోలేకపోతున్నాను.

నా లెక్క సూటిగా ఉండేది. రింగు నేలకు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది, అంటే పదడుగులు. ఎవరి తల దానికి దగ్గరగా ఉంటే బంతి వాళ్ల చేతికి ముందు అందుతుంది. అందుకని జూన్‌లో బడి తెరవగానే ఆటసామాన్ల గది గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసేవాణ్ణి. పిల్లలు వరసగా వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడేవాళ్లు. గీత దాటినవాళ్లు బోర్డు కింద పోస్ట్‌లో ఆడాలి. దాటనివాళ్లలో చురుకైనవాళ్లు గార్డులు. పొట్టిగా, దిట్టంగా ఉన్నవాళ్లను కబడ్డీకి పంపేసేవాణ్ణి. ఏ పిల్లకూ అరనిమిషానికి మించి పట్టేది కాదు. ఒక పిల్ల ఏడాదంతా ఏం ఆడాలో అరనిమిషంలో తేల్చేస్తున్నానన్న ఆలోచన నాకెన్నడూ రాలేదు.

నాకు ఆట చరిత్ర తెలియక ఇలా చేశానంటే కొంత సరిపెట్టుకోవచ్చు. కానీ తెలుసు. చార్లెస్ బార్క్‌లీ ఆరడుగుల ఆరంగుళాలని కాగితం మీద రాసేవాళ్లు, నిజానికి అంతకూ తక్కువే. ఏడడుగుల ఆటగాళ్లున్న అమెరికా లీగ్ ఎన్‌బీఏలో 1986-87 సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 14.6 రీబౌండ్లు తీసి అతనే మొదటి స్థానంలో నిలిచాడు. వెస్ అన్‌సెల్డ్ ఆరడుగుల ఏడంగుళాలతో సెంటర్‌గా ఆడి 1974-75లో అదే స్థానం సంపాదించాడు. డెనిస్ రాడ్‌మన్‌దీ అదే ఎత్తు, బరువు అతనికన్నా తక్కువ. 1991-92 నుంచి వరసగా ఏడు సీజన్లు రీబౌండ్లలో అతన్ని దాటినవాడు లేడు. రెండో వైపు మనూట్ బోల్ ఉన్నాడు. ఏడడుగుల ఏడంగుళాల మనిషి, చెయ్యెత్తితే ఎగరకుండానే రింగు అందేది. అతని మొత్తం కెరీర్‌లో సగటు మ్యాచ్‌కు 4.2 రీబౌండ్లు. ఆడిన సమయం తక్కువే అనుకున్నా, నా లెక్క ప్రకారం రావలసింది అది కాదు.

ఈ అంకెలన్నీ నాకు నోటికి వచ్చు. పిల్లలకు కథల్లా చెప్పేవాణ్ణి కూడా. చెప్పి, వాళ్ల సంగతి వేరు, వాళ్లు అసాధ్యులు అని పక్కన పెట్టేసేవాణ్ణి. 1960 నవంబరు 24న విల్ట్ చేంబర్లేన్ ఒకే మ్యాచ్‌లో 55 రీబౌండ్లు తీశాడన్నది మాత్రం నా సిద్ధాంతానికి సాక్ష్యంగా వాడుకునేవాణ్ణి. ఎందుకంటే అతను ఏడడుగులు దాటినవాడు. చేంబర్లేన్ హైజంప్ చేసినవాడని, ఒంట్లో ఎద్దుకున్నంత సత్తువ ఉన్నవాడని తెలిసినా, నేను చూసింది అతని ఎత్తొక్కటే. ఎత్తుకు విలువ లేదని ఇప్పుడూ అనను. రీబౌండ్ల పట్టికలో పైనున్నవాళ్లలో ఎక్కువమంది పొడగరులే. దాన్ని పట్టుకుని మిగతా ఒళ్లంతటినీ లెక్కలోంచి కొట్టేయడం దగ్గర నా బుద్ధి గడ్డి తింది.

ఒక ఏడు తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల గీతను నాలుగు వేళ్లు దాటింది. సన్నగా, పొడుగ్గా, పెద్ద పెద్ద అడుగులతో నడిచే పిల్ల. ఈసారి జిల్లా కప్పు మనదే అనుకున్నాను. అదే తరగతిలో ఇంకో పిల్ల గీతకు జానెడు కింద ఆగిపోయింది. నడుము కింద బలమైన కట్టు, వెడల్పయిన పాదాలు. వాళ్ల నాన్న చేపల చెరువు మీద కాపలా. సెలవుల్లో ఆయనతో కలిసి గట్టు మీద మేత బస్తాలు మోసేదని తర్వాత తెలిసింది. “నువ్వు కబడ్డీకి వెళ్లమ్మా” అన్నాను. వెళ్లింది.

ప్రాక్టీస్ మ్యాచ్‌కు అయిదుగురికి అయిదుగురు కుదరని రోజుల్లో కబడ్డీ పిల్లల్ని పిలిచి నిలబెట్టేవాణ్ణి. అలా ఆ పిల్ల మా కోర్టులోకి వచ్చింది. ఆటలో ఒక్క ఎత్తుగడా తెలియదు, డ్రిబుల్ రెండడుగులకే చేజారిపోయేది. కానీ షాట్ ఎవరు వేసినా, బంతి గాలిలో ఉండగానే రెండు చిన్న అడుగులు వేసి, మా పొడుగమ్మాయికీ బోర్డుకూ మధ్య చేరి, మోకాళ్లు వంచి, నిట్రాట పాతినట్టు నిలబడేది. మోచేతులు పక్కలకు ఆనించి, అరచేతులు పైకి ఎత్తి ఉంచేది. ఆమె నడుము వెనకభాగం మా పొడుగమ్మాయి తొడలకు ఆనేది. ఇక ఆ పొడుగు పిల్ల ముందుకు రాలేకపోయేది, పక్కకూ పోలేకపోయేది. ఎగిరితే ముందున్న పిల్ల వీపు మీద పడాల్సిందే. బంతి దిగేది, పొట్టి పిల్ల కాస్త ఎగిరి రెండు చేతులతో పట్టేది. కబడ్డీలో మడమ పట్టి వదలని ఆ వేళ్లలోంచి బంతి లాక్కోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

నేను ఈల వేసేవాణ్ణి, ఆ పొట్టి పిల్ల మీద. “తోస్తున్నావ్, ఇది కబడ్డీ కాదు” అనేవాణ్ణి. మళ్లీ అదే జరిగేది, మళ్లీ ఈల. ఎత్తున్న పిల్లకు బంతి దక్కకపోతే ఏదో తప్పు జరిగి ఉండాలని నాలో నేనే తీర్పు రాసేసుకున్నాను. నాలుగైదు ఫౌళ్లయ్యాక ఆ పిల్ల కోర్టు గీత అవతలికి వెళ్లి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత పిలిచినా రాలేదు. రాకపోయినా నాకు లోటనిపించలేదు.

చాలాకాలం తర్వాత రిఫరీ పరీక్షకు కూర్చోవాల్సొచ్చి నిబంధనల పుస్తకం ఒక్కో వాక్యం పట్టి చదివాను. అందులో సిలిండర్ సూత్రం ఉంటుంది. నిలబడ్డ ప్రతి ఆటగాడి చుట్టూ నేల నుంచి పైకి ఊహించుకోవలసిన ఒక స్తంభం ఉంటుంది. ముందువైపు దాని హద్దు అరచేతులు, వెనకవైపు పిరుదులు, పక్కలకు చేతుల, కాళ్ల వెలుపలి అంచులు. న్యాయంగా ముందు వచ్చి నిలబడినవాళ్లకు ఆ స్తంభం లోపలి జాగా, దాని పైనున్న గాలి కూడా సొంతం. వెనకనుంచి అందులోకి ఒరిగి వచ్చినవాళ్లదే ఫౌల్. పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. వెనకవైపు హద్దు ఎక్కడిదాకానో రాసిన ఆ ఒక్క మాట చాలు, నేను ఆ రోజుల్లో వేసిన ఈలలన్నీ నా మీదే మోగడానికి.

అప్పటినుంచి బంతిని వదిలేసి కాళ్లను చూడడం మొదలుపెట్టాను. చూస్తుంటే నాకు తెలిసినదనుకున్న ఆట కొత్తగా కనబడింది. దాన్ని కాగితం మీద కూడా వేసి చూసుకున్నాను. ఒక పిల్ల 40 సెంటీమీటర్లు ఎగిరితే గాలిలో ఉండేది మొత్తం 0.57 సెకను. కష్టపడి దాన్ని 50 సెంటీమీటర్లు చేసినా 0.64. అదే షాట్ చేతిని వదిలి రింగు చేరడానికి దాదాపు ఒక సెకను పడుతుంది, దూరం నుంచి వేస్తే ఇంకా ఎక్కువ. ఆపైన బంతి రింగు మీద ఎగిరి కిందికి దిగే సమయం ఉంది. అంటే రీబౌండ్‌కు పట్టే కాలంలో ఎక్కువ భాగం పాదాలు నేలమీదే ఉంటాయి. ఎవరు ఎక్కడ నిలబడాలన్న తగవు అప్పుడే తేలిపోతుంది. నేను తర్ఫీదంతా ఎగరడానికే ఇచ్చాను.

ఇంకో లెక్క నన్ను మరీ కలవరపెట్టింది. భుజం నుంచి వేలికొన దాకా 70 సెంటీమీటర్లున్న చేతిని నిటారుగా ఎత్తితే ఆ 70 పూర్తిగా పైకే పనికొస్తాయి. ముందు ఒక మనిషి అడ్డుగా ఉండి, అదే చేతిని అర మీటరు ముందుకు చాచి అందుకోవాల్సి వస్తే భుజానికి పైన మిగిలే ఎత్తు 49 సెంటీమీటర్లు. 21 సెంటీమీటర్లు గాల్లో కలిసిపోయాయి. అది ఇంచుమించు జానెడు. గోడ దగ్గర ఆ పిల్ల గీతకు ఎంత కింద ఆగిపోయిందో, అంత. తనకు పుట్టుకతో లేని జానెడును ఆ పిల్ల రెండడుగులు ముందుగా వేసి, అవతలి పిల్ల దగ్గర్నుంచి తీసేసుకునేది. నా కళ్లముందే, పదే పదే.

కొలవడంలో కూడా నేను తప్పిన సంగతి అప్పుడే తెలిసింది. నేను నడినెత్తి దాకా కొలిచేవాణ్ణి. బంతిని పట్టేది చేతులు. ఒకే ఎత్తున్న ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి చేతులెత్తమంటే వేలికొనల మధ్య నాలుగైదు సెంటీమీటర్ల తేడా వస్తుంది. మెడ పొడవు, భుజాల ఎత్తు, చేతుల నిడివి ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటాయి మరి. పైగా ఒంటిచేత్తో అందే ఎత్తు రెండు చేతులు కలిపి ఎత్తితే అందదు. గోడ పక్కన ఎగిరినప్పుడు చేతులు వెనక్కి ఊపి, మోకాళ్లు నిండుగా వంచి, తీరిగ్గా లేస్తారు. బోర్డు కింద చేతులు ఊపే చోటుండదు, పరుగెత్తి వచ్చే దారి ఉండదు, పైగా పక్కనుంచి ఒత్తిడి. అక్కడ ఎంత ఎత్తు లేస్తామన్నదానికన్నా ఎంత తొందరగా లేస్తామన్నది ముఖ్యం. లేచి బంతికి వేలు తగిలించి దిగాక, వెంటనే మళ్లీ లేవగలగడం ఇంకా ముఖ్యం. రాడ్‌మన్ గొప్పదనంలో సగం ఈ రెండో ఎగురులో ఉంది. మొదటిసారి అందని బంతిని వేళ్లతో తట్టి బతికించి, మిగతావాళ్లు ఇంకా నేల మీద సర్దుకుంటుండగా మళ్లీ పైకి పోయేవాడు. ఆ పని చేసేవి పిక్కల కండరాలు, మడమ వెనకుండే దళసరి స్నాయువు. దిగేటప్పుడు అది సాగి, ఆ సాగుడులోని శక్తిని వెంటనే పైకి తిరిగిస్తుంది. కాస్త ఆలస్యమైతే ఆ శక్తి వేడిగా మారి పోతుంది, మళ్లీ మొదటినుంచి కండబలంతో లేవాలి.

స్నేహితుల చేత రకరకాల చోట్ల నుంచి షాట్లు వేయించుకుని, బంతి తిరుగుడు చూసి అది ఎటు పడుతుందో గమనించేవాణ్ణని రాడ్‌మన్ 2020లో వచ్చిన ‘ది లాస్ట్ డాన్స్’ డాక్యుమెంటరీలో చెప్పాడు. కాళ్లు త్వరగా కదలాలంటే ఎటు కదలాలో కళ్లు ముందు చెప్పాలి. పక్కనుంచి వేసిన షాట్ తప్పితే బంతి ఎక్కువగా అవతలి పక్కకే పోతుంది, దూరం నుంచి వేసింది దూరంగా పడుతుంది. కోచింగ్‌లో మొదటివారం చెప్పాల్సిన సంగతి ఇది. నేను చెప్పలేదు.

ఇక ఆ పొడుగు పిల్ల సంగతి. ఇది రాయడమే కష్టంగా ఉంది. ఎత్తు ఎలాగూ ఉంది కదా, దానికి ఎగురు కలిస్తే తిరుగుండదనుకున్నాను. యూరీ వెర్హోషాన్‌స్కీ అనే సోవియట్ కోచ్ 1960లలో తయారుచేసిన పద్ధతి గురించి ఎక్కడో చదివాను. ఎత్తు మీంచి కిందికి దూకి, నేల తగిలీ తగలగానే పైకి ఎగరాలి. అది ఎదిగిన, కాళ్లలో ముందే బలం కూడగట్టుకున్న క్రీడాకారులకు, కొద్ది సంఖ్యలో, బాగా విశ్రాంతి ఇస్తూ చేయించాల్సిన కసరత్తు. నేను పద్నాలుగేళ్ల పిల్లను, అప్పుడే జోరుగా ఎదుగుతున్న పిల్లను, తరగతి బల్ల తెప్పించి సిమెంటు కోర్టు మీదికి రోజూ దూకించాను. పాత కాన్వాస్ బూట్లు, అడుగు అరిగిపోయినవి. కిందికి దూకినప్పుడల్లా కాళ్ల మీద ఒంటి బరువుకు కొన్ని రెట్ల బరువు పడుతుంది. ఎలా దిగాలో నేర్పకుండా ఎలా ఎగరాలో నేర్పాను. దిగేటప్పుడు ఆమె మోకాళ్లు ఒకదానివైపు ఒకటి లోపలికి వాలిపోయేవి. అది మోకాలి లోపలి లిగమెంటుకు ప్రమాదమని, ఆడపిల్లల్లో ఆ గాయం మగపిల్లల్లో కన్నా ఎక్కువని నాకు తెలిసింది తర్వాతే.

“మోకాలి కింద నొప్పిగా ఉంది సార్” అని వచ్చి చెప్పింది. “నొప్పి లేకుండా బలం ఎలా వస్తుందమ్మా” అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇంకో నెల దూకింది. మోకాలిచిప్పకు రెండు వేళ్ల కింద, ముందువైపు, చిన్న ఉసిరికాయంత బుడిపె లేచింది. ముట్టుకుంటే ఏడ్చేది, మెట్లు దిగలేకపోయేది. వాళ్లమ్మ ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన చూసీ చూడగానే చెప్పారట. 1903లో అమెరికాలో ఆస్‌గుడ్, స్విట్జర్లాండ్‌లో ష్లాటర్ ఎవరికి వారు గుర్తించిన జబ్బు, ఇద్దరి పేర్లూ కలిపి పిలుస్తారు. తొడ ముందువైపు పెద్ద కండరం మోకాలిచిప్ప మీదుగా వచ్చి కాలి ఎముకను పట్టుకునే చోటు ఎదిగే వయసులో ఇంకా గట్టిపడి ఉండదు. ఎగిరినప్పుడల్లా కండరం అక్కడ లాగుతుంది. లాగగా లాగగా వాపు, నొప్పి, బుడిపె. ఎదుగుదల ఆగాక చాలామందికి అదే తగ్గిపోతుంది. ఆమెకూ తగ్గింది. కానీ అప్పటికి పది పూర్తయింది, బడి మారింది, ఆట మానేసింది. నొప్పి చెప్పుకోవడానికి నా దగ్గరికి వచ్చిన రోజున వారం విశ్రాంతి ఇచ్చి, దూకుళ్లు ఆపి, తుంటికీ తొడలకూ బలం చేయించి ఉంటే ఇంకా ఆడుతూ ఉండేదేమో.

ఒక్క సుద్దగీత ఇద్దరికీ ద్రోహం చేసింది. గీతకు కింద ఉన్నందుకు ఒకర్ని బయటికి పంపాను, పైన ఉన్నందుకు ఇంకొకర్ని మోకాళ్లు పాడయ్యేదాకా దూకించాను. పొడుగు పిల్లకు కావలసింది ఎగురు కాదు. ఆమెకు నడుము దించి నిలబడడం రాదు. కాళ్లు సన్నం, బరువు తక్కువ, శరీర భారమంతా పైన. ఎవరు ఆనినా రెండడుగులు వెనక్కి పోయేది. పిరుదుల కండలు, తొడలు, నడుము గట్టిపడితే ఆమె ఎత్తు ఆమెకు అక్కరకొచ్చేది. అన్‌సెల్డ్‌ను సెంటర్‌గా నిలబెట్టింది 110 కిలోల దాకా ఉన్న ఆ ఒళ్లే. ఉత్త బరువూ కాదు, వంగిన మోకాళ్ల మీద, ఎడంగా పెట్టిన పాదాల మీద నిలిపిన బరువు. ఒక మ్యాచ్‌లో పదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. చివరి క్వార్టర్లో కాళ్లలో సత్తువ ఉడిగిపోయాక ముందు తగ్గేది ఎగురు. అప్పుడు ఆదుకునేది నిలబడే పద్ధతే.

మొన్నామధ్య భీమవరం బస్టాండులో ఒకామె ఎదురొచ్చి నమస్కారం పెట్టింది. ఆ కబడ్డీ పిల్ల. రొయ్యల ప్లాంటులో పని చేస్తోందట, షిఫ్టు దిగి ఇంటికి పోతోంది. అంతకాలంగా మనసులో పెట్టుకున్న మాట అక్కడే చెప్పేశాను.

“ఆ రోజుల్లో నీ మీద నేను వేసిన ఫౌళ్లు అసలు ఫౌళ్లే కావమ్మా. తప్పు నాది.”

“తెలుసండీ” అంది. “నేను ముందే వచ్చి నిలబడేదాన్ని కదండీ. అదే వచ్చి నా మీద పడేది.”

“మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా?”

“మీరు మాస్టారు కదండీ.”

బస్సు వచ్చింది, ఎక్కింది. మాస్టారు కాబట్టి తప్పుపట్టకూడదని ఆ పిల్లకు ఎవరు నేర్పారో నాకు తెలుసు. రోజూ చేతిలో ఈల పట్టుకుని నేర్పింది నేనే.

ఇప్పుడు గోడ మీద గీత గీయడం లేదు. సెలెక్షన్ రోజున ఇద్దరిద్దరిని రింగు కింద పెయింట్‌లో నిలబెట్టి బంతిని బోర్డుకేసి కొడతాను. ఎవరి కాలు ముందు కదిలింది, ఎవరు నడుము దించారు, బంతి తప్పితే ఎవరు రెండోసారి ముందు లేచారు, ఇవే చూస్తాను. చేతులెత్తి నిలబడితే వేలికొన ఎక్కడిదాకా అందుతుందో కొలుస్తాను. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి పడుతున్నాయా, మడమలు మెత్తగా ఆనుతున్నాయా అన్నది విడిగా రాసుకుంటాను. మోకాళ్లు లోపలికి పడేవాళ్లకు ఎగురుళ్లు ఇవ్వను, ముందు దిగడమే. మోకాలి కింద నొప్పి అని ఏ పిల్ల వచ్చినా ఆ పూట ఆట లేదు.

జిల్లా జట్టుకు పేర్లు పంపే ఫారంలో మాత్రం ఇప్పటికీ ఎత్తుకు ఒక గడి, బరువుకు ఒక గడి, అంతే. ఈ ఏడు ఒక పిల్ల పేరు పక్కన, ఎత్తు గడిలో రాసిన అంకె చూసి ఎవరూ కొట్టేయకుండా, చోటు లేకపోయినా మార్జిన్‌లో పెన్నుతో రాసి పంపాను: చేతుల అందుబాటు బాగుంది, రెండో ఎగురు చురుకు, ముందు నిలబడితే కదిలించలేరు, పిలిచి ఆడించి చూడగలరు. రెండు రోజులకు ఫోను చేసి అడిగాను. మళ్లీ అడుగుతాను.